కాన్పు సెలవు తర్వాత సగం డ్యూటీ: ఎలా అడగాలి, కాగితం మీద ఏం రాయించుకోవాలి

కాన్పు సెలవు అయిపోవస్తుంటే చాలామంది ఆడవాళ్లకు రెండే దారులు కనిపిస్తాయి. పొద్దంతా డ్యూటీకి పోవాలి, లేదంటే మానేయాలి. మూడో దారి కూడా ఉంది. కొన్ని నెలలు తక్కువ గంటలు పనిచేసి, బిడ్డ కాస్త ఎదిగాక మళ్లీ పూర్తి డ్యూటీకి రావచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న బడులకు, ఆసుపత్రులకు, ఆఫీసులకు జీతాల లెక్కలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) పనులు చేసిపెడుతుంటాను. కాబట్టి ఇలాంటి ఒప్పందాలు ఎక్కడ కుదురుతాయో, ఎక్కడ చెడతాయో దగ్గర నుంచి చూస్తుంటాను. యాజమాన్యం కాదన్నందుకు నష్టపోయిన వాళ్లకన్నా, సరేనన్న మాట కాగితం మీదికి ఎక్కకపోవడం వల్ల నష్టపోయిన వాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు. సగం జీతానికి ముప్పావు పని చేస్తారు. కొన్నాళ్లకు ఒంట్లో ఓపిక అయిపోయి, చివరికి ఉద్యోగమే వదిలేస్తారు. అందుకే ఎలా అడగాలో చెబుతూనే, ఏం రాయించుకోవాలన్న దానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

ముందుగా ఒక మాట. మన దేశంలో కాన్పు తర్వాత పార్ట్‌టైమ్ ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. అది రెండు వైపులా ఒప్పుకుంటేనే జరిగేది. అయితే దాని చుట్టూ ఉన్న కొన్ని హక్కులు గట్టివి. అవి తెలిసి మాట్లాడటానికి, తెలియక మాట్లాడటానికి చాలా తేడా ఉంటుంది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. ఆ నిబంధనలే ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు దొరుకుతుంది. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులైనా పనిచేసి ఉండాలి.

సెలవు తర్వాతి రోజులకు సంబంధించినవి మూడున్నాయి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు భోజన విరామం కాకుండా, రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. దానికి జీతం కోయకూడదు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. పని స్వభావం కుదిరితే, ఇద్దరూ మాట్లాడుకున్న షరతుల మీద ఇంటి నుంచి పని చేయవచ్చు. ఇంకో రక్షణ కూడా ఉంది. సెలవులో ఉన్నప్పుడు తీసేయడం, మీకు నష్టం జరిగేలా ఉద్యోగ షరతులు మార్చడం చెల్లదు.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. వాళ్లకు సగం డ్యూటీ అనే పద్ధతి లేదు. 180 రోజుల ప్రసూతి సెలవు, ఆ తర్వాత విడతలుగా వాడుకునే శిశు సంరక్షణ సెలవు ఉంటాయి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ప్రైవేటు ఉద్యోగాల గురించే.

మొదట ఇంట్లో తేల్చుకోండి

మేనేజర్ దగ్గరికి వెళ్లే ముందు బిడ్డను ఎవరు పట్టుకుంటారో గంటల లెక్కన తేల్చుకోవాలి. "అత్తమ్మ ఉంది కదా" అనుకుంటే సరిపోదు. మన దగ్గర చాలా ఇళ్లల్లో నాయినమ్మో అమ్మమ్మో ఊళ్లో వ్యవసాయం చూసుకునే మనిషే. జూలై, ఆగస్టుల్లో నాట్లు, అక్టోబరు నుంచి పత్తి ఏరుడు. ఆ రోజుల్లో ఆమెను టౌన్‌లో కూర్చోబెట్టడం ఆమెకూ కష్టమే, చేనుకూ నష్టమే. కాబట్టి ముందే అడగండి: "అత్తమ్మా, పత్తి మొదలైతే నువ్వు పోవాల్సి వస్తది కదా, అప్పుడు ఎట్లా చేద్దాం?" ఆ నెలలకు తల్లిగారింటి నుంచి ఎవరైనా వస్తారా, మీ ఆయన షిఫ్ట్ మార్చుకుంటారా, పక్కింటి పెద్దమ్మకు నెలకింత ఇచ్చి చూసుకోమంటారా, ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండిన పిల్లలకు. పాలు తాగే బిడ్డను పొద్దంతా అక్కడ ఉంచడం కుదరదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోకండి.

పాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. కాన్పుకు 6 వారాల ముందు నుంచి సెలవు పెట్టి ఉంటే తర్వాత మిగిలేది 20 వారాలు. అంటే డ్యూటీకి వెళ్లేనాటికి బిడ్డకు నాలుగున్నర నెలలు. ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వాలని డాక్టర్లు చెబుతారు. ఆ నెలన్నర చాలా కీలకం. పిండి తీసి ఉంచిన తల్లిపాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా నిలుస్తాయి. బయట 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. మన నల్లగొండ ఎండల్లో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? అందుకే డ్యూటీ చోట గొళ్లెం ఉన్న గది, ఒక ఫ్రిజ్ కావాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. సిగ్గుపడి వదిలేయకండి.

దూరాన్ని బట్టి, పనిని బట్టి అడగండి

"పార్ట్‌టైమ్ ఇవ్వండి" అంటే ఎదుటివాళ్లకు ఏమీ అర్థం కాదు. రోజుకు గంటలు తగ్గించాలా, వారంలో రోజులు తగ్గించాలా? దీన్ని తేల్చేది మీ ఇంటికి, డ్యూటీకి మధ్య ఉన్న దూరమే.

ఇల్లు రామగిరిలో, పని గడియారం సెంటర్ దగ్గర అయితే రోజూ ఐదు గంటలు అడగడం మంచిది. మధ్యాహ్నానికల్లా బిడ్డ దగ్గర ఉంటారు. అదే మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కంపెనీలకు వెళ్లేవాళ్లకు గంటలు తగ్గించుకుని లాభం లేదు. కంపెనీ బస్సు షిఫ్ట్ టైముకే కదులుతుంది. మీరు ఒంటిగంటకు బయటపడ్డా సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) గేటు దగ్గర ఆటో కోసం నిలబడాల్సిందే. వాళ్లు వారానికి మూడు లేదా నాలుగు పూర్తి షిఫ్టులు, అవి కూడా జనరల్ షిఫ్టే అడగాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లి వచ్చేవాళ్లకైతే నార్కట్‌పల్లి మీదుగా పోనూ రానూ దాదాపు 200 కిలోమీటర్లు. సగం రోజు పని కోసం అంత ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుంది. వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతాది ఇంటి నుంచి అని అడగండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. చార్జీ మిగిలినా గంటలు మిగలవు కదా.

ప్రైవేటు బడిలో టీచరైతే గంటల్లో కాదు, పీరియడ్లలో మాట్లాడండి. ఎనిమిది పీరియడ్లలో మొదటి నాలుగు, క్లాస్ టీచర్ బాధ్యత లేకుండా, పేపర్లు దిద్దడం కూడా ఆ నాలుగు పీరియడ్ల క్లాసులకే అని చెప్పాలి. క్లాస్ టీచర్ బాధ్యత పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ హాజరు, ఫీజు ఫోన్లు, తల్లిదండ్రుల మీటింగులు అన్నీ దాని వెంటే వస్తాయి. సగం రోజును మింగేది అదే. ఆసుపత్రిలో నర్సు, ల్యాబ్ ఉద్యోగాలైతే నైట్ డ్యూటీ వద్దని ముందే చెప్పాలి. డ్యూటీ అప్పగించడానికి పట్టే అరగంటను కూడా మీ గంటల్లోనే కలపమనండి.

ఒక్క రూపాయి పోకుండా చేసే పద్ధతి ఒకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. మీ ఖాతాలో సంపాదిత సెలవులు మిగిలి ఉన్నాయేమో చూడండి. 24 ఉన్నాయనుకోండి, వారానికి రెండు చొప్పున వాడుకుంటే 12 వారాలు వారానికి నాలుగు రోజుల డ్యూటీ, పూర్తి జీతం. ముందు ఇది అడిగి, ఆ తర్వాత పార్ట్‌టైమ్ మొదలయ్యేలా చూసుకుంటే బిడ్డకు మొదట్లోనే ఎక్కువ సమయం దొరుకుతుంది.

ఎప్పుడు కదపాలి

సెలవు అయిపోయే ముందు వారం వెళ్లి అడిగితే వాళ్లకు టెన్షన్, మీకు టెన్షన్. కనీసం ఆరు వారాల ముందు మాట కదపండి. బడి అయితే దీనికి కూడా ఆగకూడదు. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, టైమ్ టేబుల్ మే నెలలోనే తయారవుతుంది. టైమ్ టేబుల్ గోడకెక్కాక కరస్పాండెంట్ సార్ మార్చాలనుకున్నా మార్చలేరు. ఏప్రిల్‌లో, బడి మూసే ముందే చెప్పండి.

"సెలవులో ఉన్నా సగం రోజు వచ్చి పో అమ్మా" అని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. జీతంతో కూడిన ప్రసూతి సెలవులో ఉండి పనిచేస్తే, ఆ పనిచేసిన కాలానికి ప్రయోజనం పోగొట్టుకుంటారు. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు పని చేయించుకోవడమే నిషేధం.

జీతం లెక్క ముందే వేసుకోండి

ఇందులో మొహమాటం వద్దు. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, అంటే 48 గంటలకు మీ జీతం 24,000 రూపాయలు అనుకుందాం. రోజుకు ఐదు గంటలకు తగ్గిస్తే 30 గంటలు. 48లో 30 అంటే 62.5 శాతం, జీతం 15,000. మాట్లాడేటప్పుడు ఎవరైనా "హాఫ్ డే కాబట్టి హాఫ్ జీతం, 12,000" అంటారు. ఐదు గంటలు సగం కాదు. అక్కడికక్కడే ఈ లెక్క చూపించండి. నెలకు మూడు వేలు తేడా, ఆరు నెలలకు 18,000.

ఇప్పుడు కోతలు. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, బేసిక్ తగ్గితే అదీ తగ్గుతుంది. ఈఎస్‌ఐకి జీతం పరిమితి నెలకు 21,000. అంతకుముందు 24,000 ఉండి ఈఎస్‌ఐ లేనివాళ్లు, 15,000కు దిగితే దాని కిందికి వస్తారు. మీ వాటా 0.75 శాతం, నెలకు 113 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. దీన్ని భారంగా చూడకండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో బిడ్డకూ మీకూ వైద్యం దొరుకుతుంది. నమోదు చేశారో లేదో కనుక్కోండి.

గ్రాట్యుటీ విషయం మాత్రం దాదాపు ఎవరూ అడగరు, అందుకే వివరంగా చెబుతాను. ఐదేళ్ల సర్వీసు దాటాక ఉద్యోగం వదిలితే వచ్చే ఈ డబ్బును చివరి జీతం మీద లెక్కగడతారు. చివరి నెల బేసిక్‌ను 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీ బేసిక్ 16,000, సర్వీసు ఆరేళ్లు అయితే 55,385 రూపాయలు రావాలి. పార్ట్‌టైమ్‌లో బేసిక్ 10,000కు తగ్గి, ఆ సమయంలోనే రాజీనామా చేశారనుకోండి, అదే లెక్క 34,615కు పడిపోతుంది. ఐదేళ్లకు పైగా చేసిన పూర్తి డ్యూటీ కూడా చిన్న జీతం కిందే కొట్టుకుపోతుంది. కాబట్టి పాత ఏళ్లకు పాత జీతమే లెక్కలోకి వస్తుందని రాయించుకోండి. అందుకు ఒప్పుకోకపోతే, మానేసే ఆలోచన వచ్చినప్పుడు పూర్తి డ్యూటీకి తిరిగొచ్చాకే మానేయండి.

ఎదురుగా కూర్చున్నప్పుడు

బతిమాలుతున్నట్టు వద్దు, గొడవకు వచ్చినట్టూ వద్దు. వాళ్ల పని ఆగదన్న నమ్మకం ముందు కలగాలి. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి అడిగే తీరు ఇలా ఉండొచ్చు.

"సార్, పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా నేను చూసుకుంటాను. ఓపీ రద్దీ అంతా అప్పుడే ఉంటది. రెండు తర్వాత డిశ్చార్జి బిల్లులు రెండో కౌంటర్ వాళ్లు చూస్తామన్నారు, నేను మాట్లాడే వచ్చిన."

"అందరూ ఇట్లనే అడిగితే నేను హాస్పిటల్ ఎట్ల నడపాలమ్మా?"

"ఆరు నెలలకే సార్. ఫిబ్రవరి పది నుంచి మళ్లీ పూర్తి డ్యూటీ. కొత్త మనిషిని పెట్టుకున్నా ఆరోగ్యశ్రీ ఫైళ్లు నేర్పేసరికి ఆ ఆరు నెలలూ గడుస్తయి. నాకైతే నేర్పే పని లేదు."

"సరే, ముందు రా, తర్వాత చూద్దాం."

ఇక్కడ చాలామంది సంతోషంగా లేచి వచ్చేస్తారు. లేవకండి. "మంచిది సార్, ఇదే విషయం లెటర్‌లో రాసి తెచ్చిన. ఒకసారి చూసి సంతకం పెడితే అకౌంట్స్‌లో ఇస్తాను" అని కాగితం ముందు పెట్టండి. ఆయన ఆ రోజు సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు. కాగితం అక్కడ వదిలి, సాయంత్రం అదే విషయాన్ని ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి: "ఈరోజు మనం మాట్లాడుకున్నవి ఇవి, ఏదైనా తప్పుంటే చెప్పండి." తేదీతో సహా రుజువు మిగులుతుంది.

పూర్తిగా కాదన్నా అక్కడితో ఆపకండి. రెండు నెలలు చేసి చూద్దాం, ఇబ్బందైతే ఆపేద్దాం అనండి. అదీ కుదరకపోతే పాలిచ్చే విరామాలు రెండింటినీ కలిపి సాయంత్రం తొందరగా వెళ్లనివ్వమని అడగండి. ఆ విరామాలు చట్టం ఇచ్చినవి, కాబట్టి మీరు వట్టి చేతులతో బయటికి రారు.

లెటర్‌లో ఉండాల్సినవి

తెలుగులోనే రాసినా చాలు. నేను రాసిచ్చే నమూనా ఇలా ఉంటుంది.

"మేనేజర్ గారికి,
నా ప్రసూతి సెలవు ఆగస్టు 9తో ముగుస్తుంది. ఆగస్టు 10 నుంచి ఫిబ్రవరి 9 వరకు సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు పనిచేయడానికి అనుమతి ఇవ్వగలరు. ఈ కాలంలో నా పని ఓపీ బిల్లింగ్, ఆరోగ్యశ్రీ ఫైళ్లు. డిశ్చార్జి బిల్లులు, నైట్ డ్యూటీ, ఆదివారం డ్యూటీ ఇందులో ఉండవు. జీతం ప్రస్తుత జీతంలో 62.5 శాతం. పాలిచ్చే విరామాలు ఈ ఐదు గంటల్లోనే, కోత లేకుండా ఉంటాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ కొనసాగుతాయి. నా సర్వీసు తెగకుండా లెక్కలోకి వస్తుంది, పార్ట్‌టైమ్‌కు ముందు సర్వీసుకు గ్రాట్యుటీ పూర్తి జీతం మీద లెక్కిస్తారు. ఫిబ్రవరి 10 నుంచి అదే హోదాలో, పూర్తి జీతంతో, ఈలోగా వచ్చిన ఇంక్రిమెంటుతో సహా పూర్తి డ్యూటీకి వస్తాను. మార్పు కావాలంటే ఎవరైనా 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి."

ఇందులో ఏ వాక్యం తీసేయమన్నా ఆలోచించవచ్చు గానీ, తిరిగొచ్చే తేదీ ఉన్న వాక్యాన్ని మాత్రం వదులుకోకండి. అది లేకపోతే తాత్కాలికమనుకున్న చిన్న జీతమే మీ జీతంగా స్థిరపడిపోతుంది, ఇంక్రిమెంటు కూడా దాని మీదే వేస్తారు. చేసే పని పేరు, చేయని పని పేరు రాసిన వాక్యం దాని తర్వాత ముఖ్యమైనది. సంతకం, ముద్ర, తేదీ ఉన్న కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

ఒప్పుకోకూడనివి

"రిజైన్ చేసి, పార్ట్‌టైమ్‌గా కొత్తగా చేరమ్మా, మాకు లెక్కలకు సులువు" అనే సలహా కొన్నిచోట్ల వస్తుంది. ఇందులో సులువు వాళ్లకే. మీ సర్వీసు తెగుతుంది, గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. "కన్సల్టెంట్‌గా వోచర్ మీద ఇస్తాం" అన్నదీ అంతే. పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ పోతాయి. రేపు రెండో కాన్పు వస్తే సెలవు జీతం ఎవరిని అడుగుతారు? పార్ట్‌టైమ్‌గా ఉద్యోగి పట్టికలో పేరుంటే, ఆ పనిచేసిన రోజులన్నీ రెండో కాన్పుకు కావాల్సిన 80 రోజుల్లోకి వస్తాయి.

సెలవు నుంచి రాగానే పోస్టు లేదనడం, విరామాలు ఇచ్చేది లేదనడం, బలవంతంగా జీతం తగ్గించడం జరిగితే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అపాయింట్‌మెంట్ లెటర్, సెలవు దరఖాస్తు, జీతం స్లిప్పులు, మీరు పంపిన మెసేజ్‌ల కాపీలు వెంట తీసుకెళ్లండి.

మొదటి నెల జాగ్రత్తలు

మొదటి వారంలో మీరు ఎలా ఉంటే అదే అలవాటైపోతుంది. రెండింటికి వెళ్లాల్సిన మనిషి మొహమాటానికి మూడింటిదాకా ఉంటే, రెండో వారం నుంచి మూడే మీ టైం. ఒంటిగంట ముప్పావుకే కౌంటర్ సర్ది, మిగిలిన పని ఎవరికి అప్పగించారో రిజిస్టర్‌లో రాసి లేవండి. ఇంటికెళ్లాక వచ్చే ఫోన్లకు కూడా ఒక టైం చెప్పండి: "సాయంత్రం ఐదింటికి ఒకసారి మెసేజ్‌లు చూస్తాను, అర్జెంటైతేనే కాల్ చేయండి." చిన్న నోట్‌బుక్‌లో రోజూ వచ్చిన టైం, వెళ్లిన టైం రాసుకోండి. నెలాఖరుకు ఐదు గంటలు కాస్తా ఆరున్నర అయ్యాయని తేలితే, ఆ పుస్తకం తీసుకెళ్లి గంటలైనా తగ్గించమనండి, జీతమైనా పెంచమనండి.

మొదటి జీతం స్లిప్పు రాగానే శాతం, పీఎఫ్, ఈఎస్‌ఐ సరిచూసుకోండి. తప్పుంటే ఆ నెలలోనే సరిచేయడం మాలాంటివాళ్లకు పది నిమిషాల పని. ఆరు నెలలు గడిచాక వస్తే పాత చలాన్లన్నీ తిరగేయాలి.

గడువుకు నెల ముందు, అంటే జనవరి పది లోపు, ఇంకా పొడిగించాలా వద్దా తేల్చుకోండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పొడిగించమని అడగడం సమంజసమే, పాలిచ్చే విరామాలు కూడా అప్పటిదాకా ఉంటాయి. పొడిగిస్తే కొత్త తేదీతో ఇంకో లెటర్ రాయించుకోండి. పూర్తి డ్యూటీకే వెళ్తుంటే ఫిబ్రవరి జీతంలో పాత బేసిక్, కొత్త ఇంక్రిమెంటు ఎక్కాయో లేదో అకౌంట్స్ వాళ్లను ఆ నెల 20 లోపే అడగండి, ఆ తర్వాత జీతాల పట్టిక మూసేస్తారు.